గిర్ని గేటు దగ్గరి కాగితం ఏ భాషలో ఉండాలి?

షోలాపూర్‌లో మనవాళ్లకు మూడు భాషలు మాట్లాడటం పెద్ద పనేం కాదు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, పక్కింటివాళ్లతో కన్నడ. కానీ మాట్లాడే భాషలన్నీ చదవగలమా? గిర్ని గేటు దగ్గర తగిలించిన కాగితం ముందు నిలబడితే ఈ తేడా ఉద్యోగం దాకా వస్తుంది.

ఆ కాగితం కథ బొంబాయిలో మొదలైంది. 1928లో అక్కడి బట్టల మిల్లుల కార్మికులు దాదాపు ఆరు నెలలు సమ్మె చేశారు. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలూ ఆ మిల్లుల్లో పనిచేసినవాళ్లే. గొడవల్లో ఒకటి స్టాండింగ్ ఆర్డర్ల గురించి, అంటే పనివేళలు, సెలవులు, శిక్షల మీద యజమానులు రాసుకున్న నియమాలు. ఫాసెట్ కమిటీ వాటిని పరిశీలించింది. 1938లో బొంబాయి ప్రభుత్వం, 1946లో కేంద్రం వీటికి చట్టాలు చేశాయి. కేంద్ర చట్టం వందమంది, అంతకుమించి పనిచేసేచోట వర్తించేది.

1946 చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఈ నియమాలను ఇంగ్లిషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ బోర్డు మీద పెట్టాల్సి ఉండేది. భాష, ఒక్కటే. 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌దీ అప్పుడు ఇదే వరసగా ఉండేది. అదే 1946 చట్టం కింద కేంద్రం రాసిన నమూనా నియమాల్లో మాత్రం పనివేళల కాగితం కార్మికుల ముఖ్య భాషల్లో ఉండాలన్నారు. ఇక్కడ బహువచనం! షిఫ్టు ఎప్పుడో తెలుగులో అడగగలిగేవాళ్లన్నమాట, ఉద్యోగం ఎందుకు పోతుందో మాత్రం మెజారిటీ భాషలోనే చదువుకోవాల్సి వచ్చేది.

ఇది ఊరికే అక్షరాల తగువు కాదు. ఆ నమూనాలోనే ఇంకో నియమం ఉండేది: సెలవు ముగిసిన 8 రోజుల్లోపు తిరిగి రాకపోతే, రాలేకపోయిన కారణం ఒప్పించలేకపోతే, ఆ ఉద్యోగం మీద హక్కు పోయేది. పెళ్లికో చావుకో కరీంనగర్ వైపు వెళ్లి రెండు వారాలు ఆగిపోయే మనిషికి ఇంతకన్నా ముఖ్యమైన వాక్యం ఏముంటుంది?

చదవలేనివాడికి ఆ సంగతి చెప్పాల్సింది జాబర్. పనిలో పెట్టుకునేదీ అతనే, మామూళ్లు తీసుకునేదీ అతనే. 1931లో విట్లీ కమిషన్ ఈ పద్ధతిని తప్పుపట్టి, లేబర్ ఆఫీసర్లను పెట్టమంది, వాళ్లకు భాషలు పట్టుబడాలని కూడా చెప్పింది. నాకు ఆ కమిషన్ నివేదికలో నచ్చిన మాట ఇదే. తర్వాత చాలా రాష్ట్రాల్లో వెల్ఫేర్ ఆఫీసరుకు పెట్టిన అర్హత మళ్లీ మెజారిటీ భాషే.

మరి మనవాళ్లే ఎక్కువగా ఉన్నచోట? షోలాపూర్ మరమగ్గాల్లో యజమానీ తెలుగే, కూలీ తెలుగే. కానీ 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచే కార్ఖానాలో పదిమంది లేకపోతే దానికి ఆ చట్టం మామూలుగా వర్తించేది కాదు. బీడీలు చుట్టే మన ఆడవాళ్లయితే ఇళ్లల్లోనే ఉంటారు. మన భాష నడిచేచోట బోర్డే లేదు.

2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ స్టాండింగ్ ఆర్డర్ల హద్దును 300 మందికి పెంచింది.

మీ ఇళ్లల్లో తాతల నాటి గిర్ని టికెట్లు, నోటీసులు ఉంటే ఫొటో తీసి పంపండి. ఏ భాషలో ఉన్నాయో కూడా రాయండి.