సముద్రము దాటివచ్చిన రొయ్య

సరకును దిగుమతి చేసికొనుట వేరు. ప్రాణిని దిగుమతి చేసికొనుట వేరు. ప్రాణివెంట కంటికి కానరాని తెగులు కూడ రావచ్చును. అందమునకై దక్షిణ అమెరికానుండి తెచ్చిన గుర్రపుడెక్క మన కాలువలను కప్పివేయలేదా?

అల్లూరు మొదలైన నెల్లూరు తీరగ్రామముల రైతులు ఈ సత్యమును నష్టపడి నేర్చుకొనిరి. తూర్పు ఆసియాలో అంతకుముందే పొడచూపిన తెల్లమచ్చల వ్యాధి 1994లో ఈ తీరమున ప్రవేశించి, గుంటలలోని టైగరు రొయ్యలను తుడిచిపెట్టినది. పెక్కుమంది అప్పులపాలైరి.

2009లో భారత ప్రభుత్వము అమెరికా పసిఫిక్ తీరపు వెనామీ రొయ్యను అనుమతించినది. వ్యాధిరహితములైన తల్లిరొయ్యలు మాత్రమే విమానమున వచ్చి, చెన్నైలోని క్వారంటైను కేంద్రమున పరీక్షలు దాటిన పిమ్మట హేచరీలకు చేరవలెను. వాటి పిల్లలే గుంటలకు వచ్చును.

గాజుతొట్టెలోని రంగుచేపకును, నీటిమొక్కకును ఇదియే ధర్మము. ఆ నిరీక్షణ వర్తకునకు ఆలస్యము, రైతునకు రక్ష.