ఫ్రెంచి పాటలో ఆర్మేనియా బిడ్డ: షార్ల్ అజ్నవూర్

మన పత్రికలో ఇంతవరకు వేమనను గూర్చి, త్యాగరాజస్వామిని గూర్చి, మన పెద్దలు ఓడ యెక్కిన కోరంగి రేవును గూర్చి వ్యాసములు వచ్చినవి. ఇప్పుడు ఒక ఫ్రెంచి గాయకుని గూర్చి వ్యాసమేమిటని పాఠకులలో కొందరు అనుకొనవచ్చును. అందుకు కారణము ముందుగా మనవి చేసెదము.

2018 అక్టోబరు మొదటి వారములో ఒక సాయంకాలము మేము మందిరము ప్రక్కనున్న హాలులో పిల్లలకు తెలుగు పాఠము చెప్పుచున్నాము. మా చిన్ననాడు ఆ బల్లల మీద ముప్పైమందిమి ఇరుకుగా కూర్చునేవారము. ఆ రోజున ఉన్నది ఆరుగురు. గుణింతము వ్రాయుచున్న ఒక అబ్బాయి తలయెత్తి, "గురువుగారూ, అజ్నవూర్ చనిపోయారట. రేడియోలో విని మా నానమ్మ ఏడ్చింది" అన్నాడు. ఆయన ఫ్రాన్సులో పుట్టినా తల్లిదండ్రులు ఆర్మేనియా జాతివారని మేము చెప్పినాము. అబ్బాయి కొంచెము ఆలోచించి, "అయితే ఆయనకు వాళ్ల భాష వచ్చా? వస్తే మాత్రం దానివల్ల ఏం లాభం? పాడిందంతా ఫ్రెంచిలోనే కదా!" అని క్రియోలులో అడిగినాడు.

ఆ ప్రశ్న అజ్నవూర్‌ను గూర్చినది కాదని మాకు తెలియును. తాను ఆ బల్ల మీద ఎందుకు కూర్చోవలెనని వాడు అడుగుచున్నాడు. ఆ దినమున సరియైన జవాబు చెప్పలేకపోయినాము. ఆలస్యముగానైనా ఇప్పుడు చెప్పుచున్నాము.

వలస వచ్చిన ఇల్లు

షార్ల్ అజ్నవూర్ 1924 మే 22వ తేదీన ప్యారిస్ నగరములో జన్మించినారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు షానూర్ వాఘినాక్ అజ్నవూరియన్. తండ్రి మిషా జార్జియాలోని అఖల్‌త్సిఖేలో పుట్టిన ఆర్మేనియన్, మంచి పాటగాడు. తల్లి క్నార్ టర్కీలోని ఆర్మేనియన్ కుటుంబపు ఆడపడుచు, నటి. 1915లో మొదలుపెట్టి ఒట్టోమన్ ప్రభుత్వము ఆర్మేనియన్లపై సాగించిన మారణకాండలో పది లక్షలకు పైగా ప్రజలు చనిపోయినారని చరిత్రకారులు చెప్పుదురు. క్నార్ తన పుట్టింటివారిని అందులో కోల్పోయినారు. ప్రాణములతో బయటపడిన దంపతులు గ్రీసు మీదుగా ఫ్రాన్సు చేరినారు. దారిలో సలోనికాలో కుమార్తె ఐదా పుట్టినది. వారి ఉద్దేశము అమెరికా వెళ్లుట. వీసా కొరకు ఎదురుచూచుచుండగా ప్యారిస్‌లో కుమారుడు పుట్టినాడు. ఆ నగరమే వారికి ఇల్లయినది.

మన పెద్దల కథ, వారి కథ ఒకటేనని మేము చెప్పము. మన పెద్దలు కూలి ఒప్పందము మీద వేలిముద్ర వేసి చెరకు తోటలకు వచ్చినారు. వారు కత్తి నుండి తప్పించుకొని వచ్చినారు. ఒప్పందము ముగిసిన తరువాత తిరిగి ఊరు చేరినవారు మనలో ఉన్నారు. క్నార్‌కు తిరిగి చేరుటకు ఇల్లే మిగలలేదు. కాని పరదేశము చేరిన తరువాత జరిగినవి కొన్ని మనకు తెలిసినట్లే ఉండును.

మొదటిది పేరు. షానూర్ అను పేరు ఫ్రెంచివారి నోటికి తిరుగక షార్ల్ అయినది. ఆర్మేనియన్ ఇంటిపేర్ల చివర "ఇయన్" అని ఉండుట వాడుక. రంగస్థలము కొరకు ఆయనే దానిని తీసివేసి అజ్నవూర్ అయినారు. తండ్రి పేరు ఇంటిపేరైపోయి, గుమాస్తా చెవికి వినబడినట్లు రిజిస్టరులోనికి ఎక్కిన మన ఇళ్లకు ఈ సంగతి క్రొత్త కాదు. అసలు ఇంటిపేరు ఏమిటో చెప్పలేనివారు మనలో ఎందరు లేరు!

రెండవది ఇంటి మాట. మిషా ప్యారిస్‌లోని హుషెత్ వీధిలో "కోకాస్" అను భోజనశాల నడిపినారు. వలసవచ్చిన రష్యనులు, ఆర్మేనియనులు అక్కడ చేరేవారు. మిషా వారికి తమ దేశపు పాటలు పాడి వినిపించేవారు. చేతిలో డబ్బు లేనివారిని కూడ ఆకలితో పంపేవారు కారు. ఇట్టి వ్యాపారము ఎంతకాలము నడుచును? ఆర్థికమాంద్యపు రోజులలో అది మూతబడినది. క్నార్ కుట్టుపని చేసి సంసారము ఈదినారు. అయినను ప్రవాసులు ఆడు నాటకములు మానలేదు, పిల్లలను వెంట తీసుకొనిపోవుట మానలేదు. వీధిలో ఫ్రెంచి, ఇంటిలో ఆర్మేనియన్. షార్ల్‌కు ఆ భాష ఏ బడిలోనూ రాలేదు. వంటింటిలో, నాటకపు తెర వెనుక వచ్చినది. తొమ్మిదేళ్ల ప్రాయముననే ఆయన రంగస్థలము ఎక్కినారు. బడి చదువు త్వరలోనే ఆగిపోయినది.

రెండవ ప్రపంచ యుద్ధములో జర్మనులు ప్యారిస్‌ను ఆక్రమించినప్పుడు ఈ పేద ఇల్లు యూదులకు, జర్మను సైన్యము నుండి పారిపోయిన ఆర్మేనియన్లకు దాగుచోటు అయినది. ప్రతిఘటన వీరుడు మిసాక్ మనూషియన్, ఆయన భార్య మెలినే ఈ కుటుంబమునకు స్నేహితులు. మనూషియన్‌ను జర్మనులు 1944 ఫిబ్రవరి 21న కాల్చి చంపినారు. ఎనుబది యేళ్ల తరువాత 2024లో అదే తేదీన ఫ్రాన్సు ఆయనను తన మహనీయుల సమాధి మందిరమైన పాంథెయోన్‌కు చేర్చుకొన్నది. తాము చావు తప్పించుకొని వచ్చినవారు, ఇతరుల చావు తప్పించుటకు తలుపు తీసినారు. షార్ల్ పెరిగినది అట్టి ఇంటిలో.

పాట కొరకు పడిన పాట్లు

యుద్ధకాలములో ఆయన పియెర్ రోష్ అను సంగీతకారునితో జతకట్టి పాడినారు. 1946లో ఎదిత్ పియాఫ్ కంట పడినారు. అప్పటికే మహాగాయని అయిన పియాఫ్ ఆ జంటను తనతో కచేరీలకు తీసుకొనిపోయినది. రోష్‌తో కలిసి కెనడాలోని మాంట్రియల్‌లో కొంతకాలము పాడి వచ్చిన తరువాత షార్ల్ కొన్ని సంవత్సరములు పియాఫ్ ఇంటనే ఉన్నారు. ఆమెకు పాటలు వ్రాసినారు, కారు నడిపినారు, వచ్చిపోవు పనులన్నీ చూచినారు.

విమర్శకులు ఆయనను కరుణించలేదు. మనిషి పొట్టి, గొంతు బొంగురు, ముఖము అందమైనది కాదు, ఇట్టివాడు పాటగాడెట్లగునని హేళన చేసినారు. 1950ల నడుమ "స్యూర్ మా వీ" పాటతో పేరు వచ్చినను పూర్తి గెలుపు రాలేదు. 1960 డిసెంబరులో ప్యారిస్ అల్హంబ్రా రంగశాలలో ఆయన "జ్ మ్ వ్వాయే దేజా" అను పాట పాడినారు. ఊరు విడిచి పేరు కొరకు నగరము వచ్చి, పేరు రాకనే వయస్సు మీరిన ఒక గాయకుని కథ అది. అప్పటి ప్రసిద్ధ గాయకుడు ఈవ్ మోంతాన్ వద్దన్న పాట. దానితోనే ఆ రాత్రి సభ ఆయనదైనది. అప్పటికి వయస్సు ముప్పది ఆరు. తమ పిల్లవాడు ఇరువదియేళ్లకే ఎందుకు రాణించలేదని దిగులుపడు తల్లిదండ్రులు ఈ లెక్క గుర్తుంచుకొనవలెను.

ఆ తరువాతి కీర్తి అందరికీ తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పెదము. అదే 1960లో త్రూఫో తీసిన సినిమాలో పియానో వాయించు కథానాయకునిగా నటించినారు. 1963లో న్యూయార్క్ కార్నెగీ హాలులో పాడినారు. "లా మమ్మా", "ఎర్ అంకోర్", "లా బోయెమ్" వరుసగా వచ్చినవి. ఫ్రెంచితో ఆగక ఇంగ్లీషు, ఇటాలియన్, స్పానిష్, జర్మన్ భాషలలో కూడ పాడినారు. 1974లో ఇంగ్లీషు పాట "షీ" బ్రిటనులో నాలుగు వారములు మొదటి స్థానమున నిలిచినది. వ్రాసిన పాటలు వెయ్యికి పైమాట.

వీటిలో మన ద్వీపము వారికి ఒక పాట ప్రత్యేకము. అది 1967 నాటి "అమ్నే మ్వా". ఉత్తరదేశపు చలి రేవులో బరువులు మోయు ఒక కూలివాడు, ఎండ కాయు దూరదేశములకు ఓడ యెక్కి పోవలెనని కలలు కనుట అందులోని విషయము. మా మేనమామ పోర్ట్ లూయీ రేవులో పంచదార బస్తాలు మోసేవారు. 1980లో పంచదారను యంత్రములతో నేరుగా ఓడలోనికి పోయు టెర్మినల్ వచ్చువరకు అది వందలమందికి కూడు పెట్టిన పని. రేడియోలో ఈ పాట వచ్చినప్పుడెల్ల ఆయన కంచము ముందు చేయి ఆపి వినేవారు. పాట ముగిసిన తరువాత, "పాట బాగుంది. కాని మీ తాత చెరుకు నరికింది ఆ ఎండలోనేరా" అనేవారు. ఆ ఒక్క మాటలో మెచ్చుకోలు ఉన్నది, ఎత్తిపొడుపు ఉన్నది. ఫ్రెంచి పాటను ప్రేమించుచు కూడ మన తాతను మరువకుండుట ఎట్లో మేము మొదట నేర్చుకొన్నది అక్కడనే.

చూడని దేశపు పిలుపు

1960లలో అజ్నవూర్ సోవియట్ ఆర్మేనియా వెళ్లి పాడినారు. కాని జాతి బాధను గూర్చి బహిరంగముగా పాటకట్టుటకు ఆయనకు ఏబది యేళ్లు నిండవలసి వచ్చినది. మారణకాండకు అరువది యేళ్లయిన 1975 ప్రాంతమున "ఇల్ సోం తోంబే" వచ్చినది. చనిపోయినవారిని తలచుకొను పాట. సంగీతము కూర్చినది ఐదా భర్త జార్జ్ గార్వారెంజ్. ఈ పాట ఆర్మేనియన్‌లో కాక ఫ్రెంచిలో ఉన్నదని గమనించవలెను. ఆర్మేనియన్‌లో పాడియుంటే ఆర్మేనియనులు ఏడ్చియుందురు, వారికి ఆ సంగతి ముందే తెలియును. ఫ్రెంచిలో పాడినందున తెలియనివారికి తెలిసినది. ఆ మారణకాండను ఫ్రాన్సు 2001లో చట్టము చేసి గుర్తించినది. ఒక్క పాటవలన చట్టము రాదు. కాని వినుటకు సిద్ధముగానున్న చెవులను తయారుచేసినవారిలో ఆయన ఒకరు.

1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో భూకంపము వచ్చి సుమారు 25,000 మంది చనిపోయినారు. అరువది నాలుగేళ్ల అజ్నవూర్ సహాయసంస్థ నెలకొల్పినారు. ఎనుబదిమందికి పైగా కళాకారులను కూడగట్టి 1989లో "పూర్ త్వా ఆర్మేనీ" అను పాట వెలువరించినారు. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. వచ్చిన సొమ్ము బాధితులకు పోయినది. భూకంపములో దెబ్బతిన్న గ్యూమ్రి పట్టణములో 2001లో ఆయన విగ్రహము నిలిపినారు. 2008లో ఆర్మేనియా పౌరసత్వము, మరుసటి సంవత్సరము స్విట్జర్లాండులో ఆర్మేనియా రాయబారి పదవి వచ్చినవి. పుట్టని దేశమునకు ఎనుబది అయిదవ యేట రాయబారి!

తాను నూటికి నూరు పాళ్లు ఫ్రెంచివాడనని, నూటికి నూరు పాళ్లు ఆర్మేనియనునని ఆయన చెప్పుకొనేవారు. లెక్కల పాఠము చెప్పునప్పుడు ఇది తప్పని మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేయవలెను. మనుష్యుల విషయములో ఆ లెక్క సరిపోవును.

2018 సెప్టెంబరులో జపానులో పాడి వచ్చినారు. అక్టోబరు 1న దక్షిణ ఫ్రాన్సులోని మూరియెస్‌లో, 94వ యేట కన్నుమూసినారు. ప్యారిస్ ఇన్వాలీద్ ప్రాంగణములో ఫ్రాన్సు అధ్యక్షుడు, ఆర్మేనియా ప్రధానమంత్రి ఇద్దరూ నిలబడి వీడ్కోలు పలికినారు. ఆర్మేనియనుల పిల్లనగ్రోవి వంటి దుదుక్ వాద్యము మ్రోగినది. ఆ నెలలోనే ఫ్రెంచి భాషా దేశముల శిఖరాగ్ర సభ యెరెవాన్‌లో జరిగినది. ఆయన పాల్గొనవలసిన సభ అది. 1993లో అదే సభకు మన మారిషస్ ఆతిథ్యమిచ్చినది.

అబ్బాయికి జవాబు

ఇక నాయనా, నీ ప్రశ్నకు వచ్చెదము. ఆయనకు వాళ్ల భాష వచ్చును. దానివల్ల ఉద్యోగము రాలేదు, డబ్బు రాలేదు. కూడు పెట్టినది ఫ్రెంచి భాషే. ఇది దాచిపెట్టి తెలుగు నేర్వమని నీకు చెప్పుట మోసమగును.

కాని ఫ్రెంచిలో చక్కగా పాడువారు వేలమంది. చెప్పుకొనుటకు వారికంటె వేరైన సంగతి ఒకటి ఆయన ఇంటిలో ఉన్నది. తల్లి ఏ భాషలో ఏడ్చెనో ఆ భాష తెలిసినందుననే ఆ ఏడుపు ఆయనకు అర్థమైనది. అర్థమైనదానిని పెద్ద భాషలో లోకమునకు చెప్పినారు. పెద్ద భాష నోరు ఇచ్చును, మాట మాత్రము ఇంటినుండి రావలెను. మన పెద్దలు కాంపులలో ఎట్లు బ్రదికినారో, సింహాద్రి అప్పన్నను తలచుచు రాత్రులు ఎందుకు భజన చేసినారో, అమ్మోరు పండుగనాడు ఏమని మొక్కినారో ఫ్రెంచిలో, ఇంగ్లీషులో నీవే వ్రాయవలెను. నానమ్మ భజనలో పాడు మాటకు అర్థము తెలియనివాడు ఏమి వ్రాయగలడు?

మా సంగతి కూడ ఒప్పుకొనెదము. మా ఇంటిలో తెలుగు అప్పటికే వరుసల పిలుపులకు, రామభజనకు మిగిలిపోయినది. మేము పదవ యేట తరగతిలో అఆలు దిద్ది నేర్చినాము. తరగతిలో నేర్చిన భాష చేతికర్ర పట్టుకొని నడచు నడక వంటిది, ఈ వ్యాసములోనే తప్పులు ఉండవచ్చును. పండితులు మన్నింతురుగాక. కర్రతోనైనా నడచుట మేలని మా నమ్మకము.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. తరగతి వారమునకు రెండు గంటలు మాత్రమే. మిషా, క్నార్ చేసిన పని బడిది కాదు, ఇంటిది. రాత్రి భోజనము వేళ పది నిమిషములు తెలుగులో మాట్లాడుడు. రాకపోతే పిల్లలనే అడిగి నేర్చుకొనుడు. తరువాత రేడియోలో అజ్నవూర్ పాట వస్తే అందరును కలిసి వినుడు. ఆ రెండింటికి విరోధము లేదు.