నల్లరేగడి సీమలో కళ్లజోడు

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ పట్టణాల చుట్టూ పరచుకున్న నల్లరేగడి సీమలో, విజయనగర, నాయక రాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలు నేటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటాయి. ఆ సీమలోని వడమలాపురంలో 1918లో జన్మించిన నేత్రవైద్యుడు గోవిందప్ప వెంకటస్వామి, ప్రభుత్వోద్యోగం నుంచి విరమించి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని నెలకొల్పడంతో, చుట్టుపక్కల పల్లెల్లో అంధత్వ నివారణ కొత్త మలుపు తీసుకుంది. ఆ చరిత్రలో శస్త్రచికిత్సకు దక్కిన స్థానం కళ్లజోడు ఫ్రేముకు దక్కలేదు గాని, రోగి చూపు నిలబడడంలో దాని పాత్ర చిన్నది కాదు.

ఆ శస్త్రచికిత్స ముఖ్యంగా శుక్లానికి; శుక్లం అంటే కంటిలోని సహజ కటకం మసకబారడం. ఆ రోజుల్లో దాన్ని తీసివేయడమే తప్ప, ఆ స్థానంలో కృత్రిమ కటకం అమర్చడం పేదలకు అందని ఖర్చు కావడంతో, శక్తిని కొలిచే ప్రమాణమైన డయాప్టర్లలో సుమారు 10 ఉండే మందపాటి అద్దాలే వారికి ఆధారమయ్యాయి. అంతటి కుంభాకార కటకం కంటికి 5 మిల్లీమీటర్లు దూరంగా జరిగితే, దాని ప్రభావం దాదాపు అర డయాప్టరు పెరుగుతుంది. కిందికి దిగితే కటకం నడిబిందువు కంటిపాప ఎదుట నుంచి తప్పుకుని, వస్తువు ఉన్న చోట కాక మరోచోట ఉన్నట్టు తోస్తుంది. బరువైన అద్దాలను ముక్కు మీద జారకుండా నిలపడం అందువల్ల అలంకార విషయం కాక వైద్య సమస్య అయింది.

ఫ్రేములో చెవి మీదికి వెళ్లే కాడ లోపలి వైపు ముద్రించే 48–20–140 వంటి అంకెలు అద్దం వెడల్పును, రెండు అద్దాల నడుమ దూరాన్ని, కాడ పొడవును మిల్లీమీటర్లలో తెలుపుతాయే గాని, ముక్కుదూలం ఎత్తును, వాలును తెలుపవు. ఎత్తైన దూలాన్ని దృష్టిలో ఉంచుకుని ఐరోపాలో రూపొందించిన ప్లాస్టిక్ ఫ్రేము, దూలం పల్లంగా ఉన్న ముఖం మీద నిలవక చెంపలకు ఆనుతుంది. ఈ ఇబ్బందిని తీర్చడానికి ప్రపంచ విపణిలో ఆసియా ముఖాలకంటూ మందపాటి ముక్కు ప్యాడ్లతో వేరే నమూనాలు వచ్చాయి. అయితే ఒకే పల్లెలో పలు రకాల ముక్కులు కనిపించే దక్షిణ భారతంలో ఖండం పేరిట వేసిన కొలత చాలదు కనుక, ప్యాడ్లను వంచి సరిచేసుకోగల లోహపు ఫ్రేములు ఎక్కువ మేలు చేశాయి.

అరవింద్ నేత్ర శిబిరాల్లో ఫ్రేములను, కటకాలను వెంట తీసుకువెళ్లి, అద్దాల అంచులను అక్కడే అరగదీసి, చాలామందికి అదే రోజు కళ్లజోడు అందించే పద్ధతి ఏర్పడింది. 1992లో ఆరంభమైన అరవింద్ తయారీ సంస్థ ఆరోల్యాబ్ కంటిలో అమర్చే కటకాలను చౌకగా తయారుచేయడంతో మందపాటి అద్దాల అవసరం క్రమంగా తగ్గింది. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గే చత్వారం మాత్రం కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పనివారికీ, విరుదునగర్‌లో పప్పుల నాణ్యత చూసే వర్తకులకూ తప్పనిది. అద్దం శక్తి ఎంత సరిగా ఉన్నా, ముఖాన కుదరని జోడును మనిషి తీసి పక్కన పెడతాడు. కాబట్టి ఫ్రేము కొలతను చికిత్సలో భాగంగానే వైద్య చరిత్ర లెక్కించవలసి ఉంది.