కొండసీమ తిత్తియు, గళ్ల వలువయు



వీధి భాగవతములు చూచి పెరిగిన పెద్దలకు తిత్తి యన నేమో నేను చెప్ప నక్కరలేదు. మేకతోలు కుట్టి, గాలి నింపి, చంక నదిమి, కథ నడుచు రాత్రి యంతయు విడువక శ్రుతి యిచ్చు ఆ వాద్యమును మీరు వినియే యుందురు. దానికి దూరపు చుట్టము స్కాట్లండు, ఐర్లండు దేశములలో కలదు. అచ్చటివారు దానిని బ్యాగ్‌పైపు అందురు. మన తిత్తి శ్రుతి మాత్రమే పలుకును. వారి తిత్తి మూడు గొట్టములతో శ్రుతియు, నాలుగవ గొట్టముతో పాటయు పలుకును. ఆ వాద్యమును గూర్చియు, దానిని ఊదువారు కట్టు గళ్ల వలువను గూర్చియు ఈ సాయంకాలము నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదట నా తప్పొకటి ఒప్పుకొనవలెను. బడిలో చరిత్ర చెప్పు దినములలో నేను, స్కాట్లండున ఒక్కొక్క వంశమునకు ఒక్కొక్క గళ్ల వరుస అనాదిగా నున్నదనియు, రణరంగమున పడిన శవమును ఆ గళ్లను బట్టియే గుర్తించెడివారనియు పిల్లలకు గంభీరముగా బోధించితిని. వారు వ్రాసికొనిరి. చదివిన కొలది అందు నిజము తక్కువ యని తేలినది. నా శిష్యులెవరైన వినుచున్నచో దీనిని దిద్దుబాటుగా గ్రహింతురు గాక.

స్కాట్లండు ఉత్తరభాగము కొండసీమ. అచ్చటి జనము గేలిక్ భాష మాటలాడుచు వంశనాయకుల క్రింద బ్రతికిరి. పొడవైన ఉన్ని దుప్పటిని మడతలు పెట్టి, నడుమున పటకా బిగించి, మిగిలినది భుజముపై వేసికొనుట వారి కట్టు. పగలది వలువ, రాత్రి యదియే కంబళి. నడుము క్రింది భాగము మాత్రమే విడిగా కుట్టిన కిల్టు 18వ శతాబ్దమున వ్యాపించినది. గళ్ల బట్ట ప్రాచీనమే. కాని రంగులు ఆయా సీమల నేతగాండ్రకు దొరకిన చెట్టు చేమలను, కట్టువాని యభిరుచిని బట్టి యుండెనే గాని వంశమును బట్టి కాదు.

1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానమున, స్టూవర్టు రాజకుమారుని పక్షమున పోరిన కొండవారి సేన గంటసేపైన నిలువలేక నశించెను. ఆ యేడే పార్లమెంటు ఒక శాసనము చేసి, 1747 ఆగస్టు 1 నుండి కొండసీమ పురుషులు గాని బాలురు గాని ఆ కట్టు కట్టరాదనెను. మొదటి తప్పునకు ఆరు నెలల చెర. రెండవ తప్పునకు ఏడేండ్ల ద్వీపాంతరవాసము. తిత్తిని కూడ నిషేధించిరని పలువురు చెప్పుదురు గాని, శాసనములో దాని పేరు లేదు. అయినను జేమ్స్ రీడ్ అను వాదకుని గతి వినుడు. తాను కత్తి పట్టలేదనియు, తిత్తి మాత్రమే యూదితిననియు అతడు మొరపెట్టుకొనెను. కొండవారి పటాలము తిత్తి లేక నడువదు గనుక తిత్తియు ఆయుధమే యని యార్కు పట్టణపు న్యాయస్థానము తీర్మానించెను. 1746 నవంబరులో అతనిని ఉరితీసిరి.

శాసనమున ఒక మినహాయింపు కలదు: రాజుగారి సైన్యమున చేరినవారు ఆ వలువ కట్టవచ్చును. తన యింట కట్టినవానికి చెర, రాజు కొలువున కట్టినవానికి జీతము! ఒక్క పటాలమునకు ఒక్క తీరు గళ్లు అను నియమము బలపడినది ఈ సైన్యముననే. పటాలములకు బట్ట నేసి యిచ్చిన బ్యాన్నక్‌బర్న్ విల్సన్ నేతశాలవారు తమ వరుసలలో కొన్నిటికి మొదట అంకెలు వేసి, పిమ్మట వంశముల పేర్లు పెట్టిరి. నిషేధము 1782లో తొలగినది. 1815లో లండనులోని కొండవారి సంఘము, మీ వంశపు గళ్ల మాదిరి పంపుడని నాయకులను కోరగా, కొందరు తమ గళ్లేవో తమకే తెలియక నేతశాలవారినే యడిగిరట! 1822లో నాలుగవ జార్జి ఎడింబరోకు రాగా, నవలాకారుడు వాల్టర్ స్కాట్ నడిపిన ఉత్సవమున రాజుగారే కిల్టు కట్టిరి. కాళ్లకు మాత్రము చర్మపు రంగు తొడుగులు. 1842లో సోబియెస్కీ స్టూవర్టులను అన్నదమ్ములు, ప్రాచీన తాళపత్రము దొరకినదన్నట్లు, వంశముల గళ్లన్నియు చూపు గ్రంథ మొకటి ప్రకటించిరి. అది కల్పితమని పిమ్మట తేలినది. అందలి గళ్లు మాత్రము నేటికిని నేయబడుచున్నవి.

ఆ కాలముననే సదర్లండు సీమలో గొర్రెల మేతకై కాపులను ఊళ్లనుండి వెడలగొట్టి, ఇండ్లు తగులబెట్టిరి. రాజు కట్టిన వలువను కనిపెట్టిన జనము ఓడలెక్కి కెనడాకు పోవుచుండిరి.

ఐర్లండు మాట వేరు. వారి పూర్వులు కుంకుమపూవు రంగు పొడవాటి అంగీలు తొడిగిరి. ఎనిమిదవ హెన్రీ 1537లో శాసనముచే వానిని నిషేధించెను. 20వ శతాబ్దారంభమున స్వదేశాభిమానులు తమ ప్రాచీన వేషమును వెదకుచు, గళ్లు లేని ఆ రంగు కిల్టును చేపట్టిరి. అంగీ పాతది, కిల్టు పొరుగుది. వారి యుద్ధతిత్తి 1581లో అచ్చయిన చిత్రములో కానవచ్చును. అది 18వ శతాబ్దమున మూలబడి, మరల మేల్కొన్నది. నోటితో నూదక, కొలిమితిత్తి వంటిదానిని మోచేత నొక్కి, కూర్చుండి వాయించు మృదువైన తిత్తి మాత్రము వారి స్వంతము.

ఇంత విని, అంతయు బూటకమే కదా యని కొందరందురు. నేనట్లనను. వలువలో కల్పన చాల గలదు గాని, రీడ్ మెడకు బిగిసిన త్రాడు కల్పన కాదు. ఆ సంగీతమును కల్పన కాదు. ఈ తిత్తిలో గాలి ఆగదు. కావున ఒకే స్వరము రెండుసార్లు పలుకవలె నన్న నడుమ ఒక చిట్టి స్వరమును మెరుపువలె తగిలించి విడదీయుదురు. పాటకు తొమ్మిది స్వరస్థానములే. స్కై ద్వీపమున మాక్రిమన్ వంశమువారు తరతరములుగా మెక్లియడ్ నాయకుల ఆస్థాన వాదకులై, వ్రాతలేక, మన మృదంగపు జతులవంటి పలుకులతో పెద్ద పాటలను శిష్యుల నోట నిలిపిరి. ఆ శాస్త్రమును మొదట ఇంగ్లీషున గ్రంథముగా వ్రాసినవాడు జోసెఫ్ మెక్‌డొనాల్డ్. తూర్పిండియా కంపెనీ కొలువునకై 1760లో మన దేశమునకు ఓడ యెక్కి, వంగదేశమున యౌవనముననే జ్వరముతో మరణించెను. ఆ వ్రాతను అతని సోదరుడు 1803లో అచ్చు వేయించెను. శిష్యులు గల నాకు ఆ కథ చదివినపుడు కన్ను చెమ్మగిల్లినది.

1854లో సైన్యశాఖ కొండపటాలములకు తిత్తివాదకులను అధికారికముగా నియమించినది. తిత్తులును డోళ్లును జతపడిన మేళము అట్లు స్థిరపడి, మన భారతసైన్యమునకును వచ్చి నేటికిని నిలిచియున్నది. గ్లాస్గోలో ప్రపంచపు పోటీలలో 1987లో కెనడా మేళము, 1992లో ఉత్తర ఐర్లండు మేళము, 2010లో డబ్లిన్ మేళము ప్రథమస్థానము గెలిచినవి. ఆ పోటీలలో మేళము అడుగు వేయుటకు ముందు, నాయకుడు ఒక్కొక్కని కడకు పోయి, చెవి యొగ్గి, శ్రుతి గొట్టముల నన్నిటిని ఒకే నాదమునకు సరిచేయును. తెర తీయక పూర్వము మన తిత్తివాడు చేయు పనియు నదియే.