పిల్లల ఫోనుకు జల్లెడ

పిల్లవాని చేతిలోని సెల్‌ఫోనులో అశ్లీల చిత్రము కనబడకుండ చేయవలెనన్న దానిని ఎచ్చట ఆపవలెను? పంపినవానిని పట్టి శిక్షించుటయా, చూచువాని యింట జల్లెడ కట్టుటయా? అమెరికాలో ఈ వివాదము 1996 నుండి న్యాయస్థానముల యెదుట నలుగుచున్నది.

ఆ యేడు ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటను సంతకము చేసిన చట్టము మొదటి మార్గమును పట్టినది. పదునెనిమిదేండ్లు నిండనివారికి అంతర్జాలముద్వారా అసభ్య విషయము నందజేయుట నేరమన్నది. 1997 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసినది. పిల్లలను కాపాడు నెపమున పెద్దలు చదువదగినదానిని అణచరాదనుట న్యాయమూర్తి స్టీవెన్సు తీర్పులోని సారము. 1998లో మరింత జాగ్రత్తగా వ్రాసిన వేరొక చట్టము వచ్చినది. అదియు అమలునకు రాకయే ఆగినది. 2004లో న్యాయమూర్తి కెన్నెడీ చూపిన కారణము గమనింపదగినది: ఇంటిలో జల్లెడ పెట్టుకొన్నచో ఇతరుల వాక్స్వాతంత్ర్యమునకు అంత భంగము లేదు, పైగా విదేశములనుండి వచ్చునదియు ఆగును. కాపలా భారము ఈ విధముగ తల్లిదండ్రుల భుజములపై పడినది.

ఆ జల్లెడ ఎట్టిదో చూడుడు. తొలిదినములలో అది అక్షరములను చూచునే గాని అర్థము నెరుగదు. ఇంగ్లండులో స్కంథోర్ప్ అను పట్టణము కలదు. ఆ పేరు నడుమ ఆంగ్లమున ఒక బూతుమాట అక్షరములు పడినవి. 1996లో ఏ.ఓ.ఎల్. సంస్థవారి యంత్రము ఆ ఊరివారిని ఖాతాదారులుగ చేర్చుకొననని మొరాయించినది! పాపము, ఊరిపేరు మార్చుకొనుట వారి తరమా? ఇది నవ్వులాటగ పోవచ్చును. రొమ్ము కాన్సరును గూర్చిన సమాచారము కూడ అట్టి జల్లెడలలోనే చిక్కుకొన్నది. అది నవ్వదగినది కాదు.

2000 సంవత్సరాంతమున మరియొక చట్టము, కేంద్రప్రభుత్వ సహాయముతో అంతర్జాలము నేర్పరచుకొను పాఠశాలలు, గ్రంథాలయములు జల్లెడ పెట్టి తీరవలెనన్నది. 2003లో సుప్రీంకోర్టు గ్రంథాలయముల విషయమున దీనిని సమ్మతించినది. పెద్దలు కోరినచో తొలగింపవచ్చును గదా యన్నది. గ్రంథాలయమునకు ద్వార మొక్కటియే. సెల్‌ఫోను అట్లు కాదు. బడిలో నున్నను, బస్సులో నున్నను దాని దారి దానిదే. పుటలు సంకేతరూపమున ప్రయాణించుటచే నడుమ నున్నవానికి సైటు పేరు తెలియును గాని లోని విషయము తెలియదు. కావున జల్లెడ ఫోనులోనికే చేరినది. 2017లో గూగులువారి ఫ్యామిలీ లింకు, 2018లో ఆపిలువారి స్క్రీన్ టైము వెలువడినవి. మన యిండ్లలోని ఫోనులలోను ఉన్నవి ఇవియే. అమర్చు తల్లికంటె ఫోను మర్మములు పిల్లవానికే ఎక్కువ తెలియుట ఇందలి చిక్కు.

2025 జూన్‌లో కథ తిరిగి మొదటి మార్గమునకు మరలినది. అశ్లీల సైట్లు చూడవచ్చినవారి వయస్సును నిర్ధారింపవలెనను టెక్సాసు చట్టమును సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యముతో నిలిపినది. వెనుకటి తీర్పులనాటికి బాలుర చేతులలో ఇన్ని ఫోనులు లేవను సంగతిని గుర్తుచేసినది. అయితే పిల్లలకు తగని విషయము మూడవవంతుకు మించిన సైట్లకే ఆ చట్టము వర్తించును. తక్కిన వానికి ఇంటి జల్లెడయే గతి.