పెండ్లికి ముందటి ఒడంబడిక

పెండ్లికి ముందే వధూవరులు ఆస్తిపాస్తులను గూర్చి ఒక కాగితము వ్రాసికొని చేవ్రాలు చేయవచ్చునా, కూడదా అను ప్రశ్న ఈనాడు మన యిండ్లలోనికి వచ్చినది. సొంత జీతముతో ఇల్లు కొనుక్కొన్న యువతి యున్నది. తండ్రి వ్యాపారములో భాగస్థుడైన యువకు డున్నాడు. భార్య గతింపగా బిడ్డలతో రెండవ పెండ్లికి సిద్ధపడినవా డున్నాడు. వీరిలో ఎవరైనను కాగితము మాట యెత్తగానే ఇంటి పెద్దలు, ఇది మన సంప్రదాయము కాదనియు, పడమటి దేశముల నుండి దిగుమతియైన వింత యనియు అందురు. ఆ మాట ఎంతవరకు నిజమో కొంచెము వెనుకకు పోయి చూతము.

భారతము చదివినవారికి శకుంతల జ్ఞాపక ముండును. కణ్వాశ్రమములో దుష్యంతుడు గాంధర్వ వివాహమును ప్రస్తావింపగా ఆమె వెంటనే సమ్మతింపలేదు. తనకు పుట్టబోవు కుమారునికి యౌవరాజ్య మీయవలెనని నియమము పెట్టి, రాజు ఒప్పుకొనిన పిమ్మటనే చేయి యిచ్చినది. సత్యవతిని అడుగవచ్చిన శంతనునికి దాశరాజు పెట్టిన నియమమును అటువంటిదే. వాల్మీకి రామాయణములో రాముడు చిత్రకూటమున భరతునితో చెప్పిన ఒక విషయమును చాలమంది మరచిపోవుదురు: కైకేయిని పెండ్లాడునాడు దశరథుడు ఆమె తండ్రికి రాజ్యమునే శుల్కముగా మాట యిచ్చి యుండెనట. మూడు కథలలోను అడిగినది ఆడుపిల్ల పక్షము. అడిగినది నగలు కావు, పుట్టబోవు బిడ్డ హక్కు.

ఆ మూడు మాటల గతి మాత్రము మూడు విధములుగా నుండెను. దాశరాజు వృద్ధ క్షత్రియుల సమక్షమున మాట తీసికొనెను. కావున అది నిలిచినది, దాని వెల భీష్ముడు బ్రతుకంతయు చెల్లించెను. కైకేయి తండ్రికిచ్చిన మాట రాజు మరణించిన పిమ్మట గాని బయటికి రాలేదు. శకుంతల మాటకు సాక్షులే లేరు. నిండుసభలో భర్త నీవెవ్వతెవని యడిగినప్పుడు ఆకాశవాణి పలికి ఆమెను కాపాడవలసి వచ్చినది. ఆ పేరు నేడు రేడియో వలన ఇంటింటి మాట యైనది గాని, ఆలుమగల వ్యాజ్యములలో సాక్ష్యము చెప్పు పని మాత్రము దానికి లేదు.

పురాణముల నుండి మన పల్లెలకు వత్తము. తెలుగుదేశమున పెండ్లికి ముందటి ఒడంబడిక అనగా ముందుగా చెప్పుకొనవలసినది ఇల్లరికము. దీనినే ఇల్లటమనియు అందురు. 1959లో వచ్చిన 'ఇల్లరికము' చలనచిత్రము వలన ఇల్లరికపుటల్లుడనగా మనకు నవ్వు వచ్చును. కాని దాని వెనుక నున్నది నవ్వులాట కాదు; గట్టి బేరము. కొడుకులు లేని రైతు తన పొలము చేయుటకును, వంశము నిలుపుటకును ఒక యువకుని కోరును. ఆ యువకుడు తన ఊరు, తన తలిదండ్రుల కొంప విడిచి మామ యింట కాపురముండి, ఆ పొలములలో పాటుపడుటకు ఒప్పుకొనును. అందుకు బదులుగా మామ తన పిల్లను, తన తరువాత ఆస్తిలో కొడుకు స్థానమును ఇచ్చెదనని మాట యిచ్చును.

ఇట్టి మాటలు న్యాయస్థానముల కెక్కక మానలేదు. బళ్లారి, కర్నూలు జిల్లాల రెడ్లలో ఈ ఆచారము కలదని మద్రాసు హైకోర్టు 1881లో అంగీకరించెను. బళ్లారి అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. కమ్మవారి ఇల్లటమును గూర్చిన వ్యాజ్యము 1919లో లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. ఈ తీర్పుల వలన స్థిరపడిన నియమములు చదువదగినవి. మామకు పిదప ఔరస పుత్రుడు పుట్టినను, అల్లునికి అతనితో సమానమైన భాగము కలదు. అల్లుడు తాను పుట్టిన యింటిలోని హక్కును పోగొట్టుకొనడు. ఈ విషయమున దత్తపుత్రుని కంటె అతని స్థితియే మెరుగు. అయితే ప్రత్యేకమైన ఒప్పందమో ఆచారమో లేనిచో మామ బ్రతికియుండగా భాగము పంచుమని అడుగరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి: మామ యింట ఎన్ని యేండ్లున్నను, ఎంత చాకిరి చేసినను, ఒడంబడిక రుజువు కానిచో అతడు ఇల్లటపుటల్లుడు కాడు, ఉత్త అల్లుడే.

ఈ చివరి నియమము ఎన్ని కాపురములను కలతపెట్టి యుండునో ఊహింపవచ్చును. పెండ్లి పందిట్లో పెద్దలు నోటిమాటగా అనుకొన్నది ఇరువది యేండ్ల తరువాత రుజువు చేయవలెను. మాట చెప్పిన మామ అప్పటికి ఉండడు. విన్నవారిలో కొందరు పోయి యుందురు, కొందరు ఎదుటి పక్షమున చేరియుందురు. కాగితము వ్రాయుమని పెండ్లినాడే అడుగుట మర్యాద కాదని ఊరకున్నవాడు, మర్యాదకు మూల్యము పొలముతో చెల్లించవలసి వచ్చెడిది.

ఇల్లరికములో మాకు ఎక్కువ బాధాకరముగా తోచునది వేరొకటి కలదు. ఆ ఒడంబడిక మామకును అల్లునికిని నడుమ జరిగెడిది. ఎవరి పెండ్లి కొరకు ఇదియంతయు జరిగినదో ఆ పిల్ల దానిలో పక్షము కాదు. ఆస్తి అల్లుని సొంతమైనదే గాని ఆమెది కాలేదు. మద్రాసు రాజధానిలో హిందూ పురుషుడు భార్య యుండగా వేరొకతెను పెండ్లాడరాదని చట్టము వచ్చినది 1949లో. అంతకు ముందు, తండ్రి భూమిని అనుభవించుచున్న భర్త సవతిని తెచ్చినను ఆమె చేయగలిగినది స్వల్పము. అంత జాగ్రత్తగా బేరమాడిన తండ్రి, తన కూతురి పేరును ఆ బేరములో చేర్చవలెనని తలపలేదు.

ఇల్లరికమును మన్నించిన న్యాయస్థానములు పెండ్లికి ముందటి ప్రతి మాటను మన్నించినవని అనుకొనరాదు. 1901లో కలకత్తా హైకోర్టు ముందునకు ఒక వ్యాజ్యము వచ్చినది. వరుడు పెండ్లికి ముందు, తాను ఎల్లప్పుడు అత్తవారి యింటనే కాపురముండెదనని వ్రాసి యిచ్చెను. కొంతకాలమునకు ఆ యిల్లు విడిచి, భార్య తన వద్దకు రావలెనని దావా వేసెను. భార్య పక్షమువారు కాగితము చూపిరి. భార్యను తన యింటికి తీసికొనిపోవు హక్కును భర్త ముందుగానే వదలుకొనుట హిందూ ధర్మశాస్త్రమునకును, ప్రజాహితమునకును విరుద్ధమని న్యాయస్థానము ఆ కాగితమును త్రోసివేసెను. చూడగా రెండును అత్తవారింటి కాపురములే. ఒకచోట దేశాచారము అండగా నుండి, మాట ఆస్తిని గూర్చినదై యుండెను. రెండవచోట మాట మనిషి ఎక్కడ మసలవలెను, ఎట్లు మసలవలెను అనుదానిని గూర్చినది. ఆస్తిని వ్రాసిన కాగితము నిలుచుటకు అవకాశము కలదు. నడవడిని వ్రాసిన కాగితమునకు ఆ యవకాశము మిక్కిలి తక్కువ.

మన పొరుగునే వధువును పక్షముగా చేసికొనిన పద్ధతులున్నవి. ముస్లిముల నికాహ్‌నామాలో మహరు భార్యకు భర్త పడిన బాకీ. ఆమె తన మేలుకై షరతులు వ్రాయించుకొనవచ్చును. గోవాలో పోర్చుగీసువారి 1867 నాటి పౌరస్మృతి నుండి వచ్చిన పద్ధతి యొకటి కలదు. అచ్చట వేరు ఒప్పందము లేనిచో భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి యగును. వేరుగా నుండవలెనన్నచో పెండ్లికి ముందే అధికారి యెదుట దస్తావేజు వ్రాసికొనవలెను.

నేడు తెలుగువారు పలువురు స్థిరపడిన కాలిఫోర్నియాలో జరిగిన యొక కథ చేవ్రాలు చేయబోవు వారందరు వినదగినది. బారీ బాండ్సు అను ప్రసిద్ధ బేస్‌బాలు ఆటగాడు 1988లో స్వీడను నుండి వచ్చిన యువతిని పెండ్లాడెను. పెండ్లికి ముందునాడు ఆమె ఒక ఒప్పందముపై సంతకము చేసినది. అతని సంపాదనలో తనకు భాగము లేదని దాని సారాంశము. ఆమెకు సొంత న్యాయవాది లేడు. ఇంగ్లీషు ఆమె మాతృభాష కాదు. కాపురము చెడిన తరువాత వ్యాజ్యము సాగి సాగి, 2000లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు ఆమె ఇష్టపడియే సంతకము చేసినదని తీర్పు చెప్పెను. ఈ తీర్పు శాసనసభకు రుచింపలేదు. 2002 నుండి, కాగితము చేతికి వచ్చిన నాటికిని సంతకమునకును నడుమ ఏడు దినములైనను ఉండవలెనని నియమము చేసిరి. భార్యాభర్తలలో ఒకరు భరణమును వదలుకొనునప్పుడు, ఆ వదలుకొనువారికి సొంత న్యాయవాది లేనిచో ఆ మాట చెల్లదనిరి. పెండ్లి ముహూర్తమునకు ముందునాడు, బంధువులు దిగుచుండగా, బాజాలు వినబడుచుండగా చేతికిచ్చిన కాగితముపై చేయు సంతకమును ఇష్టపూర్వకమని యెట్లందుము?

మన దేశమున హిందువులకు ఇట్టి ఒప్పందములను గూర్చి ప్రత్యేక చట్టము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను ప్రకారము ప్రజాహితమునకు విరుద్ధమైన ఒప్పందము చెల్లదు. 1961 వరకట్న నిషేధ చట్టము ప్రకారము కట్నము ఇచ్చి పుచ్చుకొను ఒప్పందమును చెల్లదు. చట్టమిచ్చిన మనోవర్తిని ముందుగానే వదలుకొనినను ఆ మాటకు విలువ లేదు. బిడ్డ ఎవరి వద్ద ఉండవలెననునది బిడ్డ క్షేమమును బట్టి న్యాయస్థానము నిర్ణయించును. ఇవి పోగా మిగిలినది, ఎవరు ఏమి తెచ్చిరి, ఏది ఎవరిది అను పట్టిక. దీనిని చిన్నచూపు చూడరాదు. రుజువు కావలసిననాడు అక్కరకు వచ్చునది అదియే.

మొదట చెప్పిన ముగ్గురిలో, ఇల్లు కొనుక్కొన్న యువతికి ఆ యిల్లు తనదేనని వ్రాయించుకొనవలసిన పని లేదు. హిందూ స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణ హక్కును 1956 హిందూ వారసత్వ చట్టమే యిచ్చినది. కాని పెండ్లి తరువాత ఆ యింటి అప్పును ఇద్దరును కలిసి తీర్చునట్లయినచో, ఎవరి జీతము నుండి ఎంత పోవునో, దానికి బదులు ఎవరికేమి యుండునో వ్రాసికొనుట మేలు. వ్యాపారమున భాగస్థుడైన యువకుడు తన భాగమును, దానిపై నున్న అప్పులను దాచక వ్రాసి చూపవలెను. చూపుటకు వెనుకాడినచో వధువు సంతకము చేయకుండుటయే మంచిది. ఇక బిడ్డలతో రెండవ పెండ్లి చేసికొనువానికి వధువు చేత సంతకము చేయించవలసిన అగత్యమే లేదు. తన బిడ్డల కీయదలచిన స్వార్జితమును పెండ్లికి ముందే రిజిస్టరు దస్తావేజుతో వారి కిచ్చివేసి, ఆ సంగతిని ఆమెకు ముందుగా తెలిపిన చాలును. ఆ దస్తావేజు ప్రతి నొకదానిని నిశ్చితార్థమునకు ముందే ఆమె చేతి కీయవచ్చును.