చదివిన కథ జరగలేదంటే

1964లో మార్వెల్ కామిక్ అవెంజర్స్ నాలుగో సంచికలో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి కెప్టెన్ అమెరికాను సముద్రంలోంచి పైకి తీశారు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో నీళ్లలో పడి, మంచులో గడ్డకట్టి, అన్నేళ్లూ నిద్రలోనే ఉన్నాడని కథ. చిక్కల్లా ఒక్కటే. 1953, 54ల్లో ఇదే కెప్టెన్ కమ్యూనిస్టులతో పోరాడిన సంచికలు అచ్చయ్యాయి, జనం కొని చదివారు. మంచులో ఉన్నవాడు ఆ పోరాటాలెలా చేశాడు? 1972లో రచయిత స్టీవ్ ఎంగిల్‌హార్ట్ దీనికి జవాబు రాశాడు. ఆ యాభైల నాటి కెప్టెన్ వేరే మనిషి. అసలు కెప్టెన్ స్టీవ్ రోజర్స్ మీద వెర్రి అభిమానంతో శస్త్రచికిత్స చేయించుకుని అతని ముఖం తెచ్చుకున్నాడు, పేరూ పెట్టుకున్నాడు. సరిగా కుదరని మందు ఎక్కించుకుని మతి చెడగొట్టుకున్నాడు. పాత సంచికలు దాచుకున్నవాళ్ల చేతిలోని కథ అబద్ధం కాలేదు సరికదా, దానికి కొత్త లోతు వచ్చింది.

ఇలా పాత్ర గతాన్ని వెనక్కి వెళ్లి మార్చడాన్ని రెట్‌కాన్ అంటారు. మార్పంటేనే అభిమానులకు గిట్టదని పైపైన చూసినవాళ్లు తేల్చేస్తుంటారు. ఆ మాట అన్యాయం. ఎంగిల్‌హార్ట్ చేసిందీ మార్పే, దాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటారు. వాళ్లను బాధపెట్టేది, తాము చదివి మనసుకు పట్టించుకున్న కథను అసలు జరగనే లేదు పొమ్మనడం.

ఆ పట్టింపును పెంచి పోషించింది ప్రచురణకర్తలే. తొలి దశాబ్దాల్లో కొనేది పిల్లలని, నాలుగైదేళ్లలో పెద్దవాళ్లై మానేస్తారని సంపాదకుల లెక్క. పాత కథ ఎవరికి గుర్తుంటుందిలే అని ధీమా. అరవైల్లో మార్వెల్ ఆ లెక్క తిరగేసింది. ఒక పత్రికలో జరిగినదాన్ని ఇంకో పత్రికలో ప్రస్తావించడం, ఫలానా సంచిక చూడండని బొమ్మ అడుగున సూచన ఇవ్వడం, ఉత్తరాల పేజీలో పాఠకులతో కబుర్లాడటం మొదలుపెట్టింది. కథలో పొరపాటు పట్టుకుని, అది పొరపాటు కాదని నిలబెట్టే ఉపాయం కూడా చెప్పిన పాఠకుడికి ‘నో-ప్రైజ్’ వచ్చేది. అంటే పైన అభినందనలు అచ్చేసిన ఖాళీ కవరు. కథ పొందిక మీ బాధ్యత కూడా అని పిల్లలకు నేర్పాక, వాళ్లు దాన్ని ఒంటపట్టించుకున్నారంటే తప్పెవరిది?

పోటీ సంస్థ డీసీ దారి వేరు. 1940 నాటి ఫ్లాష్ జే గారిక్‌ను వదిలేసి, 1956లో బారీ ఆలెన్‌తో ఆ పేరును కొత్తగా మొదలుపెట్టింది. 1961లో గార్డ్‌నర్ ఫాక్స్ ఇద్దరినీ ఒకే కథలో కలిపి, పాత ఫ్లాష్‌ది వేరే భూమి అన్నాడు. రంగనాథ రామాయణంలో ఉడుత కథ విన్నవాళ్లు వాల్మీకిని కొట్టేయరు కదా, అలాగే రెండు కథలూ పక్కపక్కనే బతికాయి. కానీ పాతికేళ్లలో భూములు లెక్కకు మిక్కిలి అయ్యాయి. కొత్త పాఠకులు తికమకపడుతున్నారన్న ఆలోచనతో 1985-86లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ 12 సంచికల ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’లో లోకాలన్నిటినీ ఒక్కటి చేశారు. పెరెజ్ బొమ్మల కోసమైనా అది చదివి తీరాల్సిన కథ. తికమక మాత్రం పోలేదు, ఎక్కువైంది. ఏది జరిగింది, ఏది జరగలేదు అన్నది అక్కడి రచయితలే తేల్చుకోలేకపోయారు.

జేసన్ టాడ్ గతి చూడండి. 1983లో బ్యాట్‌మాన్ సహచరుడిగా, రెండో రాబిన్‌గా వచ్చినప్పుడు సర్కస్ కుటుంబం పిల్లాడు. క్రైసిస్ తర్వాత, 1987లో, అదే పేరుతో వీధి కుర్రాడయ్యాడు. బ్యాట్‌మొబైల్ చక్రాలు ఊడబీకుతూ బ్యాట్‌మాన్‌కు దొరికిపోతాడు. ఈ కొత్త జేసన్ దుడుకుతనం చాలామందికి నచ్చలేదు. 1988లో జోకర్ అతన్ని ఇనుప కడ్డీతో చితకబాది, బాంబు పెట్టిన చోట వదిలేసి వెళ్లాడు. సంచిక చివర రెండు ఫోన్ నంబర్లు ఇచ్చారు: ఒకటి బతికించడానికి, ఒకటి చంపడానికి. కాల్‌కు 50 సెంట్లు. చావుకు 5,343 ఓట్లు, బతుక్కు 5,271. 72 ఓట్ల తేడాతో పిల్లాడు పోయాడు. ఎవరు ఎటు ఓటేసినా, ఆ చావులో పాఠకుల చెయ్యి ఉంది. 2005లో జేసన్ తిరిగొచ్చాడు. జోకర్‌ను ఇంకా ఎందుకు బతకనిచ్చావని బ్యాట్‌మాన్‌ను నిలదీసే ఘట్టం జడ్ విన్నిక్ గొప్పగా రాశాడు. కానీ ఎలా బతికాడన్నదానికి 2006 వార్షిక సంచిక ఇచ్చిన సమాధానం, సూపర్‌బాయ్-ప్రైమ్ అనే మరో పాత్ర వాస్తవం గోడల్ని పిడికిలితో గుద్దితే చరిత్ర చెదిరిందని! అది జవాబు కాదు. పదివేలకు పైగా ఓట్లు వేసిన పాఠకులను ఖాతరు చేయకపోవడం.

అదే 2005లో ఎడ్ బ్రూబేకర్ కెప్టెన్ అమెరికా సహచరుడు బకీని తిరిగి తెచ్చాడు. బకీ తిరిగిరాడన్నది అభిమానుల్లో సామెతలా నాటుకుపోయిన మాట. అయినా వింటర్ సోల్జర్ పేరుతో తిరిగొచ్చిన బకీని గుండెలకు హత్తుకున్నారు. యుద్ధంలో అతను పోయాడనుకున్న పేలుడు పేలుడుగానే ఉంది. ఆ తర్వాత అతను సోవియట్ల చేతికి చిక్కాడన్న, ఎవరూ చూడని భాగాన్ని మాత్రమే బ్రూబేకర్ పూరించాడు.

స్పైడర్‌మాన్ విషయంలో ఆ ఓర్పు కనిపించలేదు. పీటర్ పార్కర్, మేరీ జేన్‌ల పెళ్లి 1987లో జరిగింది. న్యూయార్క్ షే స్టేడియంలో బేస్‌బాల్ ఆటకు ముందు స్టాన్ లీయే పురోహితుడిగా వేషధారులకు ఆ పెళ్లి జరిపించాడు. ఇరవై ఏళ్ల పాటు పాఠకులు ఆ కాపురం చూశారు. పెళ్లి వల్ల పీటర్ పెద్దవాడైపోయాడని, కథలకు దారులు మూసుకుపోయాయని మార్వెల్ అప్పటి ప్రధాన సంపాదకుడు జో కెసాడా నమ్మకం. విడాకులిప్పిస్తే ఇంకా పెద్దరికం వస్తుంది. అందుకని 2007 నాటి ‘వన్ మోర్ డే’లో తుపాకీ దెబ్బ తిన్న మే పిన్ని ప్రాణానికి బదులుగా మెఫిస్టో అనే దుష్టశక్తి ఆ పెళ్లిని అడిగింది. భార్యాభర్తలు ఒప్పుకున్నారు. తెల్లారేసరికి పెళ్లి జరగనేలేదు. రచయిత స్ట్రాజిన్‌స్కీయే ఆఖరి సంచికల మీద తన పేరు తీసేయమని అడగాలనుకున్నట్లు బయటపెట్టాడు. బాధ్యత అనే మాట మీద నిలబడ్డ మనిషితో దయ్యంతో బేరమాడించడం నాకూ మింగుడుపడలేదు.

2011లో డీసీ మళ్లీ మొదటికొచ్చినప్పుడు దెబ్బ ఇంకోచోట తగిలింది. 1988లో జోకర్ తూటాకు చక్రాల కుర్చీకి పరిమితమైన బ్యాట్‌గర్ల్ బార్బరా గోర్డన్‌ను, కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ మరుసటి ఏడాదే ఒరాకిల్‌గా నిలబెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చుని హీరోలందరికీ దారి చూపే మేధావి. కొత్త చరిత్రలో ఆమె కోలుకుని మళ్లీ బ్యాట్‌గర్ల్ అయింది. కామిక్స్‌లో తమలాంటి హీరో ఆమేనని చెప్పుకున్న వికలాంగ పాఠకులకు అది పాత్ర చరిత్రలో మార్పుగా తోచలేదు, తమను బయటికి పంపినట్లు అనిపించింది. 2016లో కెప్టెన్ అమెరికా చిన్ననాటి నుంచీ నాజీలతో ముడిపడ్డ శత్రుసంస్థ హైడ్రా మనిషేనని రాసినప్పుడు రేగిన ఆగ్రహమూ ఇలాంటిదే. ఆ పాత్రను సృష్టించిన జో సైమన్, కర్బీ యూదులు. 1941 తొలి సంచిక ముఖచిత్రం మీదే అతని చేత హిట్లర్‌ను కొట్టించారు. మాయాశక్తితో మార్చిన గతమని రెండో సంచికలోనే వివరణ వచ్చినా గాయం మానలేదు.

2024 జనవరిలో జోనథన్ హిక్‌మన్, మార్కో చెకెట్టో ‘అల్టిమేట్ స్పైడర్‌మాన్’ మొదలుపెట్టారు. వేరే లోకం కథ. అందులో పీటర్‌కు మేరీ జేన్‌తో పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు. తొలి సంచికను మళ్లీ మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. పీటర్‌ను సంసారిగా చూడటానికి పాఠకులు ఎంత ఎదురుచూశారో దుకాణాల్లో తేలిపోయింది. ప్రధాన పత్రికలో మాత్రం ఆ చెరిపేసిన పెళ్లిని మార్వెల్ ఆ తర్వాత కూడా తిరిగి ఇవ్వలేదు.